కౌంటీ బోర్డు ముందు 3 నిమిషాలు

2023 డిసెంబరు 12న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ప్రిన్స్ విలియం కౌంటీలో (కౌంటీ అంటే రాష్ట్రంలో మన జిల్లా వంటి విభాగం) దాన్ని పాలించే ఎన్నికైన సూపర్‌వైజర్ల బోర్డు ఒక బహిరంగ విచారణకు కూర్చుంది. తెల్లవార్లూ సాగిన ఆ సమావేశం మరునాటికి గాని ముగియలేదు. మొత్తం మీద 27 గంటలకు పైగా పట్టింది. మాట్లాడటానికి దాదాపు 400 మంది పేర్లు ఇచ్చారు. మనస్సస్ యుద్ధక్షేత్ర జాతీయ ఉద్యానవనాన్ని ఆనుకుని ఉన్న 2,100 ఎకరాల పైచిలుకు గ్రామీణ భూమిలో 2 కోట్ల చదరపు అడుగులకు మించిన డేటా సెంటర్లు కట్టేందుకు అనుమతించాలా వద్దా అన్నది అక్కడి ప్రశ్న. ఒకరి తరువాత ఒకరు మైకు ముందుకు వచ్చి తమకిచ్చిన కొద్ది నిమిషాల్లో నీటి గురించి, శబ్దం గురించి, హైటెన్షన్ తీగల గురించి, చరిత్ర గురించి, పన్నుల గురించి చెప్పి వెళ్లారు. చివరికి ఓటింగ్ జరిగింది: అనుకూలంగా నలుగురు, వ్యతిరేకంగా ముగ్గురు, తటస్థంగా ఒకరు. అనుమతి లభించింది.

ఇటువంటి రాత్రుల తరువాత జనం సాధారణంగా అనుకునే మాట ఒకటే: వాళ్లు ముందే నిర్ణయించుకుని వచ్చారు, మనం చెప్పిందంతా గోడకు చెప్పినట్టే అయింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే 20 నెలలు తిరిగేసరికి, 2025 ఆగస్టులో, అదే కౌంటీ సర్క్యూట్ కోర్టు న్యాయమూర్తి ఆ అనుమతి మొదటి నుంచీ చెల్లదని తీర్పు చెప్పారు. శబ్దం వల్లనో నీటి వల్లనో యుద్ధక్షేత్రం వల్లనో కాదు. ఆ విచారణ జరగబోతున్నదని పత్రికలో వేయవలసిన ప్రకటనలు చట్టం చెప్పిన పద్ధతిలో రాలేదన్న కారణంతో. 27 గంటల మాటలు సాధించలేని దాన్ని ఒక పత్రికా ప్రకటనలోని లోపం సాధించిందన్న మాట. కౌంటీ బోర్డు ముందు నివాసుల మాట ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్నది తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మైకు ముందు నిలబడే ఆ 3 నిమిషాలు ఈ ప్రక్రియలో అందరికీ కనిపించే భాగం, కానీ అన్నిటికన్నా తక్కువ బరువున్న భాగం కూడా అదే. బరువంతా దానికి ముందూ వెనుకా ఉంది.

తెలుగు పాఠకులకు ఈ విషయం పూర్తిగా పరాయిది కాదు. ప్రిన్స్ విలియంకు పొరుగునే ఉన్న లౌడన్ కౌంటీలో, ముఖ్యంగా ఆష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్ ప్రాంతాల్లో, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. 2020 జనగణన నాటికి 4,20,959 మంది ఉన్న ఆ కౌంటీలో ఐదింట ఒక వంతు మందికి పైగా ఆసియా మూలాలవారే. ఇక్కడ ఒక తేడాను ముందుగా గుర్తించాలి. స్థానిక సమస్య అనగానే మన మనసుకు తోచేది సోమవారం నాడు కలెక్టరేటులో అర్జీ ఇవ్వడం. తెలంగాణలో ప్రజావాణి అన్నా, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నా పద్ధతి ఒకటే: ఒక అధికారి వింటారు, అర్జీ మీద సంతకం చేసి సంబంధిత శాఖకు పంపుతారు, ఒక నంబరు ఇస్తారు. కౌంటీ బోర్డు అర్జీలు పుచ్చుకునే చోటు కాదు. అక్కడ కూర్చున్నవారు అధికారులు కారు, ఎన్నికైనవారు; వారు నిర్ణయం తీసుకునేది బహిరంగ సమావేశంలో, ఓటు ద్వారా, అజెండాలో ఉన్న అంశం మీద మాత్రమే. అర్జీదారు మనస్తత్వంతో వెళ్లినవారికి అక్కడి మౌనం అవమానంగా తోస్తుంది. సమస్య చెప్పుకున్నాక ఎదురుగా ఉన్నవారు ‘ధన్యవాదాలు, తరువాతి వక్త’ అనడం తప్ప మరేమీ అనరు.

ఆ మౌనానికి కారణాలున్నాయి. వాటిలోకి వెళ్లేముందు కౌంటీ అంటే ఏమిటో కొంత చెప్పుకోవాలి. అమెరికాలో కౌంటీలు, వాటికి సమానమైనవి కలిపి 3,100కు పైగా ఉన్నాయి. లూసియానాలో వాటిని పారిష్‌లంటారు, అలాస్కాలో బరోలంటారు. కనెక్టికట్, రోడ్ ఐలండ్ రాష్ట్రాల్లో కౌంటీ ప్రభుత్వాలే లేవు. కాలిఫోర్నియా కౌంటీల్లో సాధారణంగా ఐదుగురు సూపర్‌వైజర్లుంటారు. దాదాపు కోటి జనాభా గల లాస్ ఏంజెలెస్ కౌంటీకీ ఇన్నాళ్లూ ఐదుగురే, అంటే ఒక్కొక్కరు ఇరవై లక్షల మందికి ప్రతినిధి. ఆ సంఖ్యను తొమ్మిదికి పెంచాలని 2024 నవంబరులో ఓటర్లు నిర్ణయించారు. ప్రిన్స్ విలియం బోర్డులో కౌంటీ అంతటికీ ఎన్నికయ్యే అధ్యక్ష స్థానం ఒకటి, ఏడు డిస్ట్రిక్టుల (నియోజకవర్గాల) సభ్యులు ఏడుగురు. లౌడన్‌లో అధ్యక్ష స్థానంతో కలిపి తొమ్మిది మంది.

వర్జీనియాలో ఈ బోర్డుల అధికారం మీద మరో పెద్ద పరిమితి ఉంది. 19వ శతాబ్దంలో అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ డిల్లన్ ప్రతిపాదించిన సూత్రాన్ని ఆ రాష్ట్రం నేటికీ గట్టిగా పాటిస్తుంది: రాష్ట్ర శాసనసభ స్పష్టంగా ఇచ్చిన అధికారాలు, వాటి నుంచి అనివార్యంగా వచ్చే అధికారాలు తప్ప స్థానిక ప్రభుత్వానికి సొంత అధికారం అంటూ ఏదీ లేదు. అందువల్ల నివాసులు బోర్డు ముందు పెట్టే సమస్యల్లో చాలా భాగం అసలు బోర్డు చేతిలో ఉండవు. రోడ్డు మీద గుంతలు పడ్డాయని, కూడలిలో సిగ్నల్ కావాలని అడిగితే, ఆ రోడ్డు కౌంటీది కాదు. 1932లో వచ్చిన చట్టం ప్రకారం వర్జీనియాలో ఆర్లింగ్టన్, హెన్రైకో తప్ప మిగిలిన కౌంటీల రోడ్ల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖదే. బడిలో తరగతి గదులు చాలడం లేదని అడిగితే, దానికి వేరే ఎన్నికైన స్కూల్ బోర్డు ఉంది. సూపర్‌వైజర్లు దానికి డబ్బు కేటాయిస్తారే తప్ప ఆ డబ్బును ఎలా ఖర్చు పెట్టాలో చెప్పలేరు. లౌడన్‌లోని లీస్‌బర్గ్ వంటి పట్టణ పరిధిలో ఉంటే ఇంటి స్థలం వినియోగం సంగతి పట్టణ కౌన్సిల్ చూస్తుంది. ఇంటి ముందు పచ్చిక, కంచె ఎత్తు, పార్కింగ్ వంటి తగాదాలు హెచ్‌ఓఏవి, అంటే కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘానివి. ఏ గుమ్మం తట్టాలో తెలియక ఒక సాయంత్రమంతా వేచి ఉండి, తీరా తమ వంతు వచ్చాక, ఆ విషయం తమ పరిధిలోది కాదన్న సమాధానం సిబ్బంది నుంచి విని వెనుదిరిగేవారు ప్రతి కౌంటీలోనూ ఉంటారు.

ఈ పరిధి సంగతి రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. తెలుగువారు ఎక్కువగా ఉన్న మరో ప్రాంతం డాలస్ ఉత్తర శివార్లలోని కాలిన్, డెంటన్ కౌంటీలు. టెక్సస్‌లో కౌంటీ పాలక మండలిని కమిషనర్స్ కోర్ట్ అంటారు. పేరులో కోర్టు ఉన్నా అది న్యాయస్థానం కాదు, దానికి అధ్యక్షత వహించే కౌంటీ జడ్జి అక్కడ తీర్పులు చెప్పరు. ఆ జడ్జితో పాటు నలుగురు కమిషనర్లుంటారు. 254 కౌంటీలున్న ఆ రాష్ట్రంలో నగరాల హద్దుల బయట ఉన్న భూమి మీద కౌంటీలకు సాధారణ జోనింగ్ అధికారమే, అంటే ఏ భూమిని దేనికి వాడవచ్చో నిర్ణయించే అధికారమే లేదు. వర్జీనియాలో 27 గంటలు సాగిన విచారణ టెక్సస్ కౌంటీలో జరిగే అవకాశమే లేదు, ఎందుకంటే అక్కడ అడగడానికి అనుమతి అంటూ ఏదీ ఉండదు. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి ఉద్యోగం మారి వెళ్లిన కుటుంబానికి పాత అనుభవం కొత్త చోట పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

ఇక మౌనం సంగతి. కౌంటీ సమావేశంలో సామాన్యులు మాట్లాడే సందర్భాలు రెండు రకాలు. మొదటిది పబ్లిక్ కామెంట్: సమావేశం ఆరంభంలోనో చివరిలోనో, ఏ విషయం మీదనైనా, చాలాచోట్ల 3 నిమిషాలు, రద్దీ ఉంటే 2 లేదా 1 నిమిషం. రెండవది పబ్లిక్ హియరింగ్, అంటే బహిరంగ విచారణ: భూ వినియోగ మార్పు, బడ్జెట్, పన్ను రేటు, ఆర్డినెన్స్ (కౌంటీ చేసే స్థానిక చట్టం) వంటి నిర్ణీత అంశం మీద, ముందుగా ప్రకటన ఇచ్చి, నిర్ణయానికి ముందు తప్పనిసరిగా జరపవలసినది. చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే మైకు, అవే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. చట్టం దృష్టిలో మాత్రం రెండింటికీ చాలా దూరం. మొదటి దానిలో చెప్పిన సమస్య మీద ఆ పూట బోర్డు ఏమీ చేయలేదు. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ఈ విషయాన్ని సూటిగా చెబుతుంది: సాధారణ సమావేశపు అజెండాను 72 గంటల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి, అందులో లేని అంశం మీద సభ్యులు క్లుప్తంగా స్పందించడమో సిబ్బందికి అప్పగించడమో చేయవచ్చు గాని చర్చించకూడదు, నిర్ణయించకూడదు. పైకి ఇది పౌరుడి నోరు నొక్కడంలా కనిపించినా అసలు ఉద్దేశం వేరు. ఒకరు లేచి అడిగిన దాని మీద అప్పటికప్పుడు బోర్డు తీర్మానం చేస్తే, ఆ సంగతి తెలియక ఇంట్లో ఉండిపోయిన పొరుగువాడికి తన మాట చెప్పే అవకాశం పోతుంది. అంటే బోర్డు మౌనం అక్కడ లేనివాడి హక్కును కాపాడుతుంది. సభ్యులందరూ ఇంత ఉదాత్తంగా ఆలోచించి మౌనం వహిస్తారని కాదు. ఇబ్బందికరమైన ప్రశ్నకు ఆ నియమం మంచి చాటుగా కూడా ఉపయోగపడుతుంది.

మాట్లాడే హక్కు రాజ్యాంగం మొదటి సవరణ ఇచ్చిందే కదా, మరి వినే బాధ్యత మాటేమిటి అన్న ప్రశ్న చాలామందికి కలుగుతుంది. దానికి అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే, మిన్నెసోటా కమ్యూనిటీ కాలేజీల అధ్యాపకుల కేసులో, సమాధానం చెప్పింది: ప్రభుత్వం తప్పనిసరిగా వినాలని పట్టుబట్టే హక్కు రాజ్యాంగంలో ఎవరికీ లేదు. బోర్డులు సమయం పరిమితం చేయవచ్చు, అంశానికి కట్టుబడమని చెప్పవచ్చు. చేయకూడనిదల్లా అభిప్రాయాన్ని బట్టి ఒకరికి మైకిచ్చి మరొకరికి ఆపడం. వినిపించుకునే హక్కు ఏదైనా ఉంటే అది రాష్ట్ర చట్టాల నుంచి వస్తుంది. ఆ చట్టాలు మాట్లాడేవారి వాగ్ధాటిని పట్టించుకోవు. ప్రకటన ఎప్పుడు ఇచ్చారు, పత్రాలు ఎప్పుడు అందుబాటులో పెట్టారు, విచారణ జరిపారా లేదా అన్నదే వాటికి ముఖ్యం. ప్రిన్స్ విలియం కథ మలుపు తిరిగింది సరిగ్గా ఇక్కడే.

ఆ కథకు వేదికైన పేజ్‌ల్యాండ్ లేన్, మనస్సస్ యుద్ధక్షేత్రం అంచున సాగే ఒక గ్రామీణ రోడ్డు. అమెరికా అంతర్యుద్ధంలో 1861 జులైలో, మళ్లీ 1862 ఆగస్టులో రెండు పెద్ద పోరాటాలు జరిగిన నేల అది. 1940లో జాతీయ ఉద్యానవనమైంది. యుద్ధాలు ముగిశాక కూడా ఆ చుట్టుపక్కల భూమి కోసం పోరు ఆగలేదు. 1988లో ఉద్యానవనం పక్కన పెద్ద షాపింగ్ మాల్ కట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు దాన్ని ఆపింది కౌంటీ బోర్డు కాదు. అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి ఆ భూమిని ఉద్యానవనంలో కలిపింది. 1993 నవంబరులో డిస్నీ సంస్థ అదే కౌంటీలోని హేమార్కెట్ వద్ద చరిత్ర ఇతివృత్తంగా వినోద నగరం కడతామని ప్రకటించింది. స్థానిక నాయకత్వంలో చాలామంది ఆహ్వానించారు. పొరుగువారూ చరిత్రకారులూ వ్యతిరేకించారు. 1994 సెప్టెంబరులో సంస్థ తనంతట తానే వెనక్కి తగ్గింది. ఇప్పుడు మూడవసారి, డేటా సెంటర్ల వంతులో, కోర్టు తీర్పు వచ్చింది. గమనించవలసినదేమంటే మూడుసార్లూ నివాసుల ఆందోళన మొదట వినిపించింది కౌంటీ స్థాయిలోనే, మూడుసార్లూ ఆట కట్టింది మాత్రం మరెక్కడో. బోర్డు ముందు చేసిన రగడ వల్ల ఫలితం లేదని దీని అర్థం కాదు. కాంగ్రెస్ సభ్యులకు, సంస్థ యాజమాన్యానికి, కోర్టుకు ఆ విషయం చేరే దారిని వేసింది ఆ రగడే.

ఇక్కడ ‘నివాసులు’ అన్న మాటను కూడా కాస్త జాగ్రత్తగా వాడాలి. పత్రికల్లో వచ్చే కథనాల్లో ఒకవైపు నివాసులు, మరోవైపు కంపెనీలు అన్నట్టు కనిపిస్తుంది. పేజ్‌ల్యాండ్ లేన్‌లో అలా జరగలేదు. 2021లో ఈ మార్పు కోరిన వారిలో ఆ రోడ్డు మీద దశాబ్దాలుగా ఉంటున్న భూయజమానులే ముఖ్యులు. కౌంటీ 1998 నుంచి ఆ ప్రాంతాన్ని ‘గ్రామీణ వలయం’గా కాపాడుతూ 10 ఎకరాలకు ఒక ఇల్లు మాత్రమే కట్టనిచ్చింది. ఆ నియమం పొరుగు కాలనీలవారికి పచ్చదనాన్ని ఇచ్చింది, భూమి ఉన్నవారికి కట్టుబాటునిచ్చింది. ఇంతలో హైటెన్షన్ విద్యుత్ తీగలు వారి పొలాల మీదుగానే వెళ్లాయి, రోడ్డు మీద ట్రాఫిక్ పెరిగింది. పల్లెతనం ఎలాగూ పోయింది, ఇక అమ్ముకోనివ్వకపోవడం ఏమి న్యాయమని వారు అడిగారు. ఎకరాకు లక్షల డాలర్లు పలికే అవకాశం ముందుండగా ఆ ప్రశ్నకు స్వార్థం అని పేరు పెట్టడం సులభమే; కానీ తన ఇంటి విలువ తగ్గుతుందని భయపడే పొరుగు కాలనీ నివాసిది కూడా అటువంటి ప్రయోజనమే కదా. ఆ రాత్రి మైకు ముందుకు వచ్చినవారిలో ఈ ఇద్దరూ ఉన్నారు. పని దొరుకుతుందని వచ్చిన నిర్మాణ కార్మిక సంఘాలవారూ, ఆకోక్వాన్ రిజర్వాయరు తాగునీటి మీద ఆందోళనతో వచ్చినవారూ ఉన్నారు. ఇన్ని గొంతుల్లో ఏది ప్రజాభిప్రాయమో తేల్చే కొలబద్ద మాట్లాడినవారి సంఖ్యలో దొరకదు. పనిదినాన రాత్రంతా మేలుకుని కూర్చోగలిగినవారే అక్కడికి రాగలరు.

ఆ రాత్రికి మరో విశేషం కూడా ఉంది. బోర్డు అధ్యక్షురాలు ఆన్ వీలర్ 2023 జూన్‌లోనే డెమోక్రటిక్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) డెషుండ్రా జెఫర్సన్ చేతిలో ఓడిపోయారు. డేటా సెంటర్ల వివాదం ఆ ఎన్నికలో ప్రధానాంశం. జనవరిలో కొత్త బోర్డు రాబోతుండగా డిసెంబరులో పాత బోర్డు ఈ దరఖాస్తులను చేపట్టింది. భూ వినియోగం మీద బోర్డుకు సలహా ఇచ్చే కౌంటీ ప్లానింగ్ కమిషన్ అంతకుముందు నెలలోనే తిరస్కరించమని సిఫారసు చేసింది. కొత్త బోర్డు వచ్చేదాకా ఆగమని వ్యతిరేకులు కోరినా ఆగలేదు. ఓటర్లు తమ మాటను బ్యాలెట్‌లో చెప్పేశారు. ఆ మాట అమలులోకి రావడానికి మూడు వారాల ముందు పాత సభ్యులు ఓటు వేశారు. చట్టప్రకారం వారికి డిసెంబరు ఆఖరి దాకా పూర్తి అధికారం ఉంది. కానీ ఓటమి తరువాత మిగిలిన వారాల్లో, ఇక ఎవరికీ జవాబు చెప్పనవసరం లేని స్థితిలో, తరతరాలు నిలిచే భూ వినియోగాన్ని మార్చడం చట్టబద్ధమే అయినా సబబు అనిపించుకోదు.

తరువాతి అంకం కోర్టులో నడిచింది. జోనింగ్ నిర్ణయాలను న్యాయస్థానాలు శాసన స్వభావం గల నిర్ణయాలుగా చూస్తాయి. అంటే బోర్డు తెలివైన పని చేసిందా, తెలివితక్కువ పని చేసిందా అన్నది న్యాయమూర్తి సాధారణంగా విచారించరు. ఆ నిర్ణయానికి రెండు వైపులా సహేతుకమైన వాదన ఉంటే బోర్డు మాటే నిలుస్తుంది. 400 మంది చెప్పిన మంచిచెడ్డలు ఈ కారణంగానే కోర్టులో పెద్దగా అక్కరకు రావు. అక్కరకు వచ్చేది పద్ధతి. వర్జీనియా చట్టం ప్రకారం భూ వినియోగ విచారణకు ముందు పత్రికలో నిర్ణీత వ్యవధుల్లో ప్రకటనలు రావాలి. అవి అలా రాలేదన్న వాదనతో, ప్రాజెక్టుకు ఆనుకుని ఉన్న ఓక్ వ్యాలీ ఇళ్ల యజమానుల సంఘం, కొందరు నివాసులు వేసిన దావాలోనే న్యాయమూర్తి కింబర్లీ ఇర్వింగ్ ఆ రీజోనింగ్‌ను (భూ వినియోగ మార్పును) మొదటి నుంచీ చెల్లనిదిగా ప్రకటించారు. ఆ తీర్పు మీద అప్పీలు దాఖలైంది.

దావా వేయడానికి కూడా అందరూ అర్హులు కారు. నిర్ణయం వెలువడిన 30 రోజుల లోపల కోర్టుకు వెళ్లాలి. అదీగాక, 2013లో వర్జీనియా సుప్రీంకోర్టు చెప్పినట్టు, దగ్గరలో ఉన్నామంటే చాలదు. సాధారణ ప్రజలకు కలిగే దానికి భిన్నంగా తమకు ప్రత్యేకంగా కలిగే నష్టం ఏమిటో చూపాలి. ఈ రెండు షరతులనూ తీర్చగలిగేది ఎవరు? పక్కనే ఇల్లున్నవారు, పత్రాలు దాచుకున్నవారు, వకీలుకు చందా వేసుకోగల సంఘం ఉన్నవారు. మన కుటుంబాలు చాలావరకు పచ్చిక ఎత్తు మీద జరిమానా వేసే విసుగు పుట్టించే సంస్థగా మాత్రమే చూసే హెచ్‌ఓఏ, ఇటువంటి సమయంలో న్యాయపోరాటానికి సిద్ధంగా ఉన్న ఖజానాగానూ, వాదిగానూ మారుతుంది. దాని వార్షిక సమావేశానికి కోరం లేక వాయిదా పడటం ఎంత మామూలో తెలిసినవారికి ఈ సంగతి కొంత ఆశ్చర్యం కలిగించవచ్చు.

ఒక పత్రికా ప్రకటన మీద ఇంత పెద్ద ప్రాజెక్టు కూలిపోవడం సాంకేతికమైన సాకు అని కంపెనీల పక్షాన వాదించేవారున్నారు. దాదాపు 400 మంది వచ్చి మాట్లాడారంటే జనానికి తెలిసినట్టే కదా, ఇక ప్రకటన లోపం వల్ల ఎవరికి నష్టమని వారి ప్రశ్న. వినడానికి బలంగానే ఉంది. అయితే ఆ నియమాన్ని పెట్టింది వచ్చినవారి కోసం కాదు, రానివారి కోసం. ఎవరెవరు తెలియక రాలేదో లెక్క తీయడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టే చట్టం ఆ లెక్క అడగకుండా ప్రకటన సరిగా ఇచ్చారా లేదా అని మాత్రమే అడుగుతుంది. భారతదేశంలో పర్యావరణ అనుమతుల కోసం 2006 నోటిఫికేషన్ కింద జరిపే ప్రజాభిప్రాయ సేకరణకూ పత్రికల్లో 30 రోజుల ముందస్తు ప్రకటన ఉండాలన్న నియమం ఈ తర్కం మీదే నిలిచింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ సభల దగ్గర కుర్చీలు విరగడం, పోలీసు బందోబస్తు వార్తలకెక్కుతాయి గాని, ప్రకటన ఏ తేదీన ఏ పత్రికలో వచ్చిందో సరిచూసేవారు తక్కువ.

లౌడన్ కౌంటీలో ఇదే సమస్య వేరే దారిలో నడిచింది. ఆష్‌బర్న్ చుట్టూ ప్రపంచంలోనే అతి పెద్ద డేటా సెంటర్ల సముదాయం ఉంది. అవి అక్కడ అంత దట్టంగా పెరగడానికి ఒక కారణం, చాలా జోన్లలో వాటికి బోర్డు అనుమతి అవసరం లేకపోవడం. జోనింగ్ ప్రకారం ఆ స్థలంలో కట్టడం యజమాని హక్కు. ఇంజినీరింగ్ నక్షాలు నియమాలకు సరిపోతే సిబ్బంది ఆమోదిస్తారు. అంటే విచారణ లేదు, ప్రకటన లేదు, మైకు లేదు. ఇళ్ల వరుస వెనుక ఎత్తయిన గోడ లేచేదాకా సంగతి తెలియనివారు ఆ తరువాత పబ్లిక్ కామెంట్‌కు వచ్చి మాట్లాడినా, బోర్డు చేయగలిగింది సానుభూతి చూపడమే. వారు కోరవలసింది ఆ ఒక్క భవనాన్ని ఆపమని కాదు, నియమాన్ని మార్చమని. కొన్నేళ్లకు ఆ కోరిక ఆ రూపం తీసుకుంది. 2025 మార్చిలో లౌడన్ బోర్డు హక్కుగా కట్టుకునే వీలును తొలగించి, కొత్త డేటా సెంటర్లకు బోర్డు ముందుకు వచ్చి ప్రత్యేక అనుమతి పొందాలన్న నిబంధన పెట్టింది. ఇది 27 గంటల రాత్రిలా పత్రికల మొదటి పేజీ కెక్కే సంఘటన కాదు. ప్రణాళిక సవరణ, సిబ్బంది నివేదిక, ప్లానింగ్ కమిషన్, బోర్డు అంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చిన మార్పు.

ఆ మార్పు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందన్నదానికి జవాబు బడ్జెట్‌లో ఉంది. డేటా సెంటర్లలోని కంప్యూటర్ పరికరాల మీద కౌంటీ పన్ను వేస్తుంది. పరికరాలు తరచూ మారుతూ ఉంటాయి, పిల్లల్ని బడికి పంపవు, రోడ్ల మీద కార్లు నడపవు. దానివల్ల వచ్చే రాబడి పెరిగినకొద్దీ ఇళ్ల మీద ఆస్తి పన్ను రేటు తగ్గుతూ వచ్చింది. 2025లో అది 100 డాలర్ల విలువకు 80.5 సెంట్లు. బోర్డు ముందు డేటా సెంటర్ల శబ్దం గురించి ఫిర్యాదు చేసే ఇంటి యజమానే బడ్జెట్ విచారణలో పన్ను తగ్గించమని, బడికి డబ్బు పెంచమని అడుగుతాడు. ఈ రెండు కోరికలూ ఒకే మనిషివి కావడం తప్పేమీ కాదు, కానీ ఎదురుగా కూర్చున్న సభ్యుడికి రెండూ గుర్తుంటాయి.

కాబట్టి అనుభవమున్న నివాస సంఘాలు ఓటు జరిగే రాత్రి కోసం ఆగవు. దరఖాస్తు దాఖలైన నాడే దాని నంబరు పట్టుకుంటాయి. సిబ్బంది నివేదిక రాసే ప్లానర్‌కు లిఖితపూర్వకంగా అభ్యంతరాలు పంపుతాయి. ప్లానింగ్ కమిషన్ విచారణకు వెళ్తాయి. వర్జీనియాలో రీజోనింగ్ కోరే సంస్థ తనంతట తాను కొన్ని షరతులకు ఒప్పుకుంటూ పత్రం ఇస్తుంది, వాటిని ప్రాఫర్లంటారు. భవనం ఎత్తు, చెట్ల అడ్డుగోడ వెడల్పు, జనరేటర్లు పరీక్షించే వేళలు, శబ్ద పరిమితి వంటివి అందులో చేరేది ఓటుకు చాలా ముందే, సంస్థ వకీళ్లకూ డిస్ట్రిక్టు సూపర్‌వైజరు కార్యాలయానికీ మధ్య ఉత్తర ప్రత్యుత్తరాల్లో. ఒకసారి బోర్డు ఆమోదించాక అవి ఆ భూమిని కట్టిపడేస్తాయి. మనస్సస్ సమీపంలోని గ్రేట్ ఓక్ కాలనీవారు డేటా సెంటర్ హోరు మీద ఊరికే కోపగించుకోకుండా డెసిబెల్ కొలతలు తీసి బోర్డు ముందు పెట్టారు. నిద్ర పట్టడం లేదన్న మాటకు సభ్యులు తల ఊపి ఊరుకోవచ్చు. ఫలానా రాత్రి ఫలానా సమయంలో ఇంత శబ్దం అని రాసి ఇస్తే అది సమావేశ రికార్డులో చేరుతుంది, సిబ్బంది దానికి సమాధానం రాయవలసి వస్తుంది.

తెలుగు కుటుంబాల విషయంలో ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. హెచ్-1బి వీసా మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్నవారు తమకు ఇక్కడి ప్రభుత్వంతో మాట్లాడే హక్కు లేదని అనుకుంటూ ఉంటారు. ఓటు హక్కు లేనిమాట నిజమే. మైకు దగ్గర మాత్రం పౌరసత్వం అడగరు. పేరు, ఏ డిస్ట్రిక్టులో ఉంటున్నారు అన్నది చెబితే చాలు. పన్ను కట్టే ఇల్లు, పక్కన లేచే గోడ, బడికి వెళ్లే పిల్లలు, ఇవి ఓటుతో సంబంధం లేకుండా ఉన్నవే. ఓటు లేనివారి మాటకు ఎన్నికైన సభ్యుడి లెక్కలో ఎంత విలువ ఉంటుందన్నది వేరే ప్రశ్న; దానికి నిజాయితీగా చెప్పగల జవాబు ‘తక్కువే’ అని. కానీ పై కథంతా చూపినట్టు, సభ్యుడి లెక్కలో పడని మాట కూడా రికార్డులో పడితే, ఆ తరువాత ఎవరో ఒకరు ఆ రికార్డును తెరవవలసి వచ్చినప్పుడు అది అక్కడే ఉంటుంది, ఏ తేదీన ఎవరు చెప్పారన్న వివరంతో సహా.